గర్భాశయ లోపొర క్యాన్సర్: దశ నిర్ధారణతోనే ఫలితం అంచనా

(ప్రత్యేక వ్యాసం)

వరంగల్: బహిష్టులు ఆగిపోయిన తరువాత తిరిగి రక్తస్రావం కనిపించిన మహిళకు గర్భసంచి తొలగిస్తే చికిత్స ముగిసినట్లేనని కుటుంబ సభ్యులు భావించడం సర్వసాధారణం. అయితే ఆ రక్తస్రావానికి కారణం గర్భాశయ లోపొర క్యాన్సర్ అయిన పక్షంలో, శస్త్రచికిత్స చికిత్సకు ముగింపు కాదు. తొలగించిన గర్భసంచిని పరీక్షించి పాథాలజీ విభాగం ఇచ్చే నివేదిక ఆధారంగానే వ్యాధి ఏ దశలో ఉన్నదీ తేలుతుంది. తదుపరి చికిత్స అవసరమా, అవసరమైతే ఏ చికిత్స, వ్యాధి తిరగబెట్టే అవకాశం ఎంత అనే ప్రశ్నలకు సమాధానం ఆ దశపైనే ఆధారపడి ఉంటుంది. గర్భసంచిని పరీక్షకు పంపకుండా పారవేస్తే, ఆ సమాధానాలను తరువాత రాబట్టడం దాదాపు అసాధ్యం.

గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు దేశంలోకెల్లా అధికంగా జరుగుతున్న ప్రాంతాలలో తెలుగు రాష్ట్రాలు ఉన్నాయి. 2015–16లో నిర్వహించిన నాల్గవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 సంవత్సరాల వయస్సు గల మహిళలలో గర్భసంచి తొలగించబడినవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతంగా నమోదైంది. ఈ నేపథ్యంలో దశ నిర్ధారణ విధానం గురించి పాత్రికేయులకు, అధికారులకు అవగాహన కలిగించే ఉద్దేశంతో ఈ వ్యాసాన్ని అందించడం జరుగుతున్నది.

ఏమిటీ వ్యాధి?

గర్భాశయం లోపలి గోడను కప్పి ఉండే పొరను ఎండోమెట్రియం అంటారు. ప్రతి నెలా బహిష్టు సమయంలో రాలిపోయేది ఈ పొరే. ఇందులో తలెత్తే క్యాన్సర్ వేరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వేరు. ముఖద్వార క్యాన్సర్‌కు హ్యూమన్ పాపిలోమా వైరస్ ప్రధాన కారణం కాగా, లోపొర క్యాన్సర్‌కు ఎక్కువ సందర్భాలలో ఈస్ట్రోజన్ హార్మోను ప్రభావం అధికం కావడం కారణమవుతున్నది. స్థూలకాయం, మధుమేహం, పిల్లలు కలగకపోవడం, అండాశయాలలో నీటిబుడగల సమస్య, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్ మందు, లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఈ వ్యాధి ముప్పును పెంచుతాయి.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనాల ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.2 లక్షల మంది మహిళలకు గర్భాశయ క్యాన్సర్ కొత్తగా సోకగా, సుమారు 97 వేల మంది మరణించారు. భారతదేశంలో ముఖద్వార క్యాన్సర్‌తో పోలిస్తే ఈ వ్యాధి తక్కువే అయినప్పటికీ, స్థూలకాయం, మధుమేహం పెరుగుతున్న కొద్దీ దీని ప్రాధాన్యం కూడా పెరుగుతున్నది.

ఈ వ్యాధి విషయంలో ఒక అనుకూలాంశం ఉన్నది. రోగులలో సుమారు 90 శాతం మందికి బహిష్టులు ఆగిన తరువాత రక్తస్రావం ముందుగానే కనిపిస్తుంది. అట్లని రక్తస్రావం కనిపించిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ ఉన్నట్లు కాదు. అటువంటి ప్రతి వంద మందిలో దాదాపు తొమ్మిది మందిలో మాత్రమే క్యాన్సర్ బయటపడుతున్నట్లు 2018లో ప్రచురితమైన ఒక విస్తృత విశ్లేషణ తెలిపింది. ఆ తొమ్మిది మంది ఎవరన్నది స్కానింగ్, లోపొర నుంచి తీసిన ముక్క పరీక్ష ద్వారానే తేలుతుంది.

దశ వేరు, గ్రేడ్ వేరు

వార్తలలోను, సాధారణ సంభాషణలోను ఈ రెండు పదాలను ఒకే అర్థంలో వాడడం జరుగుతున్నది. క్యాన్సర్ శరీరంలో ఎంత దూరం వ్యాపించిందో తెలిపేది దశ. క్యాన్సర్ కణాలు మామూలు కణజాలం రూపాన్ని ఎంత మేరకు కోల్పోయాయో తెలిపేది గ్రేడ్. సాధారణ రకం లోపొర క్యాన్సర్‌లో గ్రంథుల ఆకృతి కోల్పోయి గట్టి ముద్దగా పెరిగిన భాగం 5 శాతం లేదా అంతకు తక్కువ ఉంటే మొదటి గ్రేడ్, 6 నుంచి 50 శాతం ఉంటే రెండవ గ్రేడ్, 50 శాతం మించితే మూడవ గ్రేడ్‌గా పరిగణిస్తారు. మొదటి దశలోనే ఉండి మూడవ గ్రేడ్ గల వ్యాధి ఉండవచ్చు. అందువల్ల ‘మూడవ గ్రేడ్’ను ‘మూడవ దశ’గా పేర్కొనడం పొరపాటు. అది రోగిని, కుటుంబాన్ని అనవసర భయానికి గురిచేస్తుంది.

దశల విధానం రూపుదిద్దుకున్న క్రమం

క్యాన్సర్‌ను దశలుగా విభజించడం తొలుత రోగికి జోస్యం చెప్పడానికి పుట్టినది కాదు. 1920 దశకంలో ముఖద్వార క్యాన్సర్‌కు వివిధ దేశాలలో రేడియం చికిత్స జరిగేది. ఏ కేంద్రంలో ఫలితాలు మెరుగో తేల్చాలంటే, ఒకే స్థాయి వ్యాధి గల రోగులను ఒకరితో ఒకరిని పోల్చాలి. ఈ అవసరంతో నానాజాతి సమితి ఆరోగ్య విభాగం ఆధ్వర్యంలో 1929లో తొలి విభజన రూపొందింది. 1954లో ఏర్పాటైన అంతర్జాతీయ స్త్రీవైద్య, ప్రసూతి నిపుణుల సమాఖ్య, అనగా ఫిగో, అనంతరం ఈ బాధ్యతను చేపట్టింది.

లోపొర క్యాన్సర్‌కు సంబంధించి 1971 నాటి ఫిగో విధానంలో శస్త్రచికిత్సకు ముందే, వైద్య పరీక్ష ద్వారా దశను నిర్ణయించేవారు. గర్భాశయ కుహరం పొడవు 8 సెంటీమీటర్లకు లోపు ఉన్నదా, మించినదా అనే కొలత ఆధారంగా మొదటి దశను రెండు భాగాలు చేసేవారు. అయితే ఈ అంచనా ఎంత వరకు సరైనదన్న ప్రశ్న తలెత్తింది. అమెరికాకు చెందిన గైనకాలజిక్ ఆంకాలజీ గ్రూప్ మొదటి దశగా భావించిన 621 మంది రోగులకు శస్త్రచికిత్స జరిపి, కణజాలాన్ని పరీక్షించి 1987లో ఫలితాలను ప్రచురించింది. వారిలో 22 శాతం మందికి వ్యాధి అప్పటికే గర్భాశయం దాటినట్లు వెల్లడైంది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా దశ తప్పుగా అంచనా వేయబడింది.

అదే పరిశీలన మరొక ముఖ్య విషయాన్ని బయటపెట్టింది. క్యాన్సర్ లోపొరకే పరిమితమైనవారిలో ఒక శాతం మందికి మాత్రమే కటి భాగంలోని లింఫ్ గ్రంథులకు వ్యాధి సోకగా, కండర పొరలో లోతుగా చొచ్చుకుపోయినవారిలో ఇది 25 శాతానికి చేరింది. గ్రేడ్ వారీగా చూస్తే మొదటి గ్రేడ్‌లో 3 శాతం, రెండవ గ్రేడ్‌లో 9 శాతం, మూడవ గ్రేడ్‌లో 18 శాతంగా నమోదైంది. ఈ పరిజ్ఞానం ఆధారంగా 1988లో ఫిగో తన విధానాన్ని మార్చివేసింది. అప్పటి నుంచి దశ నిర్ణయం శస్త్రచికిత్స అనంతర పాథాలజీ పరీక్షపై ఆధారపడుతున్నది.

నాలుగు దశలు – సంక్షిప్తంగా

2009లో సవరించిన ఫిగో విధానం అనేక ఆసుపత్రులలో సుపరిచితమైనది. దాని ప్రకారం:

మొదటి దశ: వ్యాధి గర్భాశయ ప్రధాన భాగానికే పరిమితం. కండర పొర మందంలో సగం కంటే తక్కువ లోతుకు చొచ్చుకుపోతే 1-ఎ, సగం లేదా అంతకు మించి చొచ్చుకుపోతే 1-బి.

రెండవ దశ: ముఖద్వారపు కణజాలంలోకి వ్యాపించినా గర్భాశయాన్ని దాటని స్థితి.

మూడవ దశ: గర్భాశయం వెలుపలి పొర, అండాశయాలు, అండవాహికలకు సోకితే 3-ఎ, యోని లేదా గర్భాశయం ప్రక్కనున్న కణజాలానికి సోకితే 3-బి, కటి భాగపు లింఫ్ గ్రంథులకు సోకితే 3-సి1, వాటికి ఎగువన, బృహద్ధమని వెంట ఉండే లింఫ్ గ్రంథులకు సోకితే 3-సి2.

నాల్గవ దశ: మూత్రాశయం లేదా పేగు లోపలి పొరకు సోకితే 4-ఎ, ఊపిరితిత్తులు, కాలేయం వంటి దూర అవయవాలకు, గజ్జల్లోని గ్రంథులకు చేరితే 4-బి.

గణాంకాలు ఏమి చెబుతున్నాయి?

1999–2001 మధ్య చికిత్స పొందిన రోగుల వివరాలతో ఫిగో తన 26వ వార్షిక నివేదికను 2006లో వెలువరించింది. 1988 నాటి విభజన ప్రకారం ఐదు సంవత్సరాల అనంతరం జీవించి ఉన్నవారి శాతం ఈ విధంగా ఉన్నది: 1-ఎ దశలో సుమారు 91, 1-బిలో 91, 1-సిలో 85, 2-ఎలో 83, 2-బిలో 74, 3-ఎలో 66, 3-బిలో 50, 3-సిలో 57, 4-ఎలో 26, 4-బిలో 20.

ఈ పట్టికను జాగ్రత్తగా పరిశీలిస్తే దశల విధానం బలము, పరిమితి రెండూ కనిపిస్తాయి. మొదటి దశ నుంచి నాల్గవ దశకు చేరేసరికి జీవించే అవకాశం 91 నుంచి 20 శాతానికి పడిపోయింది. దశ ఫలితాన్ని సూచిస్తుందనడానికి ఇదే నిదర్శనం. అదే సమయంలో, 1-ఎ, 1-బిల మధ్య వ్యత్యాసం ఏమీ లేదు. లోపొరకే పరిమితమైన వ్యాధికి, కండర పొరలో సగం లోపు చొచ్చుకుపోయిన వ్యాధికి ఫలితం ఒకటే అయినప్పుడు వాటిని విడదీయడంలో అర్థం లేదు. కనుకనే 2009లో ఆ రెండింటినీ కలిపి 1-ఎగా మార్చారు. మరొక వైపు, 3-సిలో ఉన్నవారు 3-బిలో ఉన్నవారి కంటే మెరుగైన ఫలితం పొందారు. దశల వరుస ఎల్లప్పుడూ ఫలితాల వరుస కాదని దీనివల్ల తెలుస్తున్నది. లింఫ్ గ్రంథులకు సోకినవారందరినీ ఒకే గాటన కట్టకుండా 2009లో సి1, సి2గా విభజించడం గమనార్హం. పొట్టలోని ద్రవంలో క్యాన్సర్ కణాలు కనిపించినంత మాత్రాన దశను పెంచే పద్ధతిని కూడా అదే సవరణలో తొలగించారు.

అంటే దశల విధానం శిలాశాసనం కాదు. రోగుల ఫలితాలను ఎప్పటికప్పుడు నమోదు చేసి, వాటి వెలుగులో దానిని దిద్దుకుంటూ రావడం జరుగుతున్నది. ఈ దిద్దుబాటుకు మూలం ఆసుపత్రులలో సక్రమంగా భద్రపరచిన నివేదికలే.

దశ చికిత్సను ఎలా నిర్దేశిస్తుంది?

దశ నిర్ధారణ ప్రయోజనం అధిక చికిత్సను, అల్ప చికిత్సను రెండింటినీ నివారించడంలో ఉన్నది. నెదర్లాండ్స్‌లో మొదటి దశకు చెందిన 700 మందికి పైగా రోగులపై జరిపిన పోర్టెక్–1 అధ్యయనం ఫలితాలు 2000 సంవత్సరంలో వెలువడ్డాయి. శస్త్రచికిత్స అనంతరం రేడియేషన్ పొందినవారిలో ఐదేళ్ల కాలంలో కటి భాగంలో వ్యాధి తిరగబెట్టినవారు 4 శాతం కాగా, పొందనివారిలో 14 శాతం. అయితే మొత్తం మీద జీవించి ఉన్నవారి సంఖ్యలో మెరుగుదల కనిపించలేదు. దీనితో ముప్పు తక్కువగా ఉన్న మొదటి దశ రోగులకు రేడియేషన్ అవసరం లేదని, ముప్పు మధ్యస్థంగా ఉన్నవారికి మాత్రమే యోచించాలని వైద్య నిపుణులు నిర్ణయానికి వచ్చారు. 2010లో వెలువడిన పోర్టెక్–2 అధ్యయనం, అటువంటివారికి కటి భాగమంతటికీ బయటి నుంచి ఇచ్చే రేడియేషన్‌కు బదులు యోనిలో మాత్రమే ఇచ్చే స్వల్పకాలిక రేడియేషన్ సరిపోతుందని నిరూపించింది.

ఇక లింఫ్ గ్రంథుల విషయం. గ్రంథులకు వ్యాధి సోకిందా లేదా అన్నది ఫలితాన్ని నిర్ణయించే ప్రధానాంశం. అయితే తొలిదశ రోగులలో కటి భాగపు గ్రంథులన్నింటినీ తొలగించడం వల్ల ఆయుష్షు పెరగడం లేదని 2008లో ఇటలీలోను, 2009లో బ్రిటన్ తదితర దేశాలలోను జరిగిన అధ్యయనాలు వెల్లడించాయి. అన్ని గ్రంథులనూ తీసివేస్తే కాళ్లవాపు వంటి దీర్ఘకాలిక సమస్యలు తలెత్తవచ్చు. కనుక వ్యాధి మొదట చేరే ఒకటి రెండు గ్రంథులను మాత్రమే రంగు ద్రవం సహాయంతో గుర్తించి పరీక్షించే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. గ్రంథులకు సోకిన వ్యాధిని ఈ పద్ధతి 97 శాతం మేరకు గుర్తించినట్లు అమెరికాలో జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది.

2023 సవరణ – కణాల స్వభావానికీ చోటు

ఒకే దశ, ఒకే గ్రేడ్ గల ఇద్దరు రోగులలో ఒకరికి వ్యాధి తిరగబెట్టి, మరొకరు పూర్తిగా కోలుకోవడం వైద్యులకు అనుభవమే. ఇందుకు కారణం 2013లో స్పష్టమైంది. క్యాన్సర్ జన్యుపటం రూపొందించే అమెరికా పథకంలో భాగంగా జరిగిన పరిశోధనలో లోపొర క్యాన్సర్ ఒకే వ్యాధి కాదని, జన్యు స్వభావం రీత్యా నాలుగు తెగలుగా ఉన్నదని తేలింది. పి.ఒ.ఎల్.ఇ. అనే జన్యువులో మార్పు గల తెగ ఫలితాలలో అత్యుత్తమమైనది. పి53 అనే జన్యువు దెబ్బతిన్న తెగ అత్యంత ప్రమాదకరమైనది. జన్యు దోషాలను సరిదిద్దే ఎం.ఎం.ఆర్. ప్రోటీన్లు లోపించిన తెగ, ప్రత్యేక గుర్తులేవీ లేని తెగ ఈ రెండింటి మధ్య ఉంటాయి.

ఈ పరిజ్ఞానాన్ని జోడించి 2023 జూన్‌లో ఫిగో కొత్త విధానాన్ని ప్రకటించింది. క్యాన్సర్ రకం దూకుడు స్వభావం గలదా కాదా, చిన్న రక్తనాళాలు, లింఫ్ నాళాలలోకి కణాలు చొరబడ్డాయా అనే అంశాలు దశలో భాగమయ్యాయి. ఐదు లేదా అంతకు మించిన నాళాలలో కణాలు కనిపిస్తే, వ్యాధి గర్భాశయంలోనే ఉన్నా దానిని రెండవ దశగా పరిగణిస్తారు. పి.ఒ.ఎల్.ఇ. మార్పు ఉన్నట్లు తేలితే తొలి రెండు దశల వ్యాధిని 1-ఎ స్థాయికి తగ్గిస్తారు. పి53 లోపం ఉండి కండర పొరలోకి చొచ్చుకుపోతే 2-సి స్థాయికి పెంచుతారు.

ఈ మార్పు కేవలం పేర్ల మార్పు కాదు. ముప్పు ఎక్కువగా ఉన్న రోగులపై జరిగిన పోర్టెక్–3 అధ్యయనంలో కణజాలాన్ని తిరిగి పరీక్షించి 2020లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పి53 లోపం గలవారిలో రేడియేషన్‌తో పాటు కీమోథెరపీ పొందినవారిలో ఐదేళ్ల వరకు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు 59 శాతం కాగా, రేడియేషన్ మాత్రమే పొందినవారిలో 36 శాతం. పి.ఒ.ఎల్.ఇ. మార్పు గలవారిలో చికిత్స ఏదైనప్పటికీ దాదాపు అందరూ క్షేమంగా ఉన్నారు. ఒక తెగకు కీమోథెరపీ ప్రాణాధారం కాగా, మరొక తెగకు అది తప్పించదగిన భారం కావచ్చని దీనివల్ల అర్థమవుతున్నది.

పి53, ఎం.ఎం.ఆర్. పరీక్షలను పాథాలజీ ప్రయోగశాలలో ప్రత్యేక రంజక పద్ధతి ద్వారా నిర్వహించవచ్చు. పి.ఒ.ఎల్.ఇ. పరీక్షకు జన్యుక్రమ విశ్లేషణ అవసరం కనుక అది వ్యయంతో కూడినది. జన్యు పరీక్షలకు అవకాశం లేని చోట కణజాల పరీక్ష ఆధారంగానే దశను నిర్ణయించేందుకు కొత్త విధానంలో వీలు ఉన్నది. అందువల్ల ఆధునిక పరికరాల కొరతను కారణంగా చూపి ప్రాథమిక పరీక్షను విస్మరించడం సమంజసం కాదు.

వరంగల్‌కు సంబంధించి

1959లో ప్రారంభమైన కాకతీయ వైద్య కళాశాల, దానికి అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి పూర్వపు వరంగల్ జిల్లా ప్రజలకు ప్రధాన వైద్య కేంద్రాలు. చందా కాంతయ్య స్మారక ప్రసూతి ఆసుపత్రి, హనుమకొండలోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి స్త్రీల వైద్యానికి సేవలందిస్తున్నాయి. 2016, ఆ తరువాతి పునర్విభజనలతో పూర్వపు జిల్లా హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు జిల్లాలుగా మారినప్పటికీ, భూపాలపల్లి, ములుగు అటవీ ప్రాంతాల నుంచి సైతం రోగులు వరంగల్‌కే వస్తుంటారు. క్యాన్సర్ ప్రత్యేక చికిత్సకు 1955లో స్థాపితమైన హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థ ఉన్నది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం పరిధిలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు.

గ్రామీణ మహిళ రక్తస్రావంతో సమీప పట్టణంలోని ఆసుపత్రికి వెళ్లి, ముక్క పరీక్ష లేకుండానే గర్భసంచి తీయించుకుని ఇంటికి చేరితే, ఏడాది రెండేళ్లకు వ్యాధి తిరగబెట్టిన తరువాత పెద్దాసుపత్రికి రావలసి వస్తుంది. అప్పుడు ఆమె చేతిలో డిశ్చార్జి కాగితం ఉంటుంది గాని, కండర పొరలో ఎంత లోతు, ఏ గ్రేడ్, నాళాలలో కణాలు ఉన్నాయా అనే వివరాలు ఉండవు. వైద్యులు ఊహ మీద చికిత్స చేయవలసి వస్తుంది. గర్భసంచిని ముక్కలుగా చేసి బయటకు తీసినా, ఫార్మాలిన్ ద్రావణంలో సకాలంలో భద్రపరచకపోయినా ఇదే నష్టం కలుగుతుంది.

అనవసర గర్భసంచి శస్త్రచికిత్సల నివారణకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2022లో మార్గదర్శకాలు జారీ చేసింది. వాటిని మూడు మాసాలలోగా అమలు చేయాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అనవసర శస్త్రచికిత్సను ఆపడం, అవసరమైన శస్త్రచికిత్సకు ముందు ముక్క పరీక్ష జరపడం, తరువాత తొలగించిన అవయవాన్ని పరీక్షించడం – ఈ మూడూ ఒకే క్రమంలోని మెట్లు.

అధికారులు పరిశీలించదగిన అంశాలు

బహిష్టులు ఆగిన తరువాత రక్తస్రావంతో వచ్చిన మహిళకు శస్త్రచికిత్సకు ముందు స్కానింగ్, ముక్క పరీక్ష జరిగినదీ లేనిదీ కేసు షీటులో నమోదై ఉండాలి. తొలగించిన ప్రతి గర్భసంచి పేరు, తేదీ, వివరాల చీటీతో పాథాలజీ విభాగానికి చేరాలి. పాథాలజీ నివేదికలో క్యాన్సర్ రకం, గ్రేడ్, కండర పొరలో చొచ్చుకుపోయిన లోతు, ముఖద్వారం, అండాశయాల స్థితి, నాళాలలో చొరబాటు, పరీక్షించిన లింఫ్ గ్రంథుల సంఖ్య, వాటిలో వ్యాధి సోకినవాటి సంఖ్య తప్పనిసరిగా ఉండాలి. దశను పేర్కొనేటప్పుడు అది 2009 విధానమా, 2023 విధానమా అన్నది కూడా వ్రాయాలి. లేనిపక్షంలో ఒకే రోగి ఒక ఆసుపత్రిలో మొదటి దశలో, మరొక ఆసుపత్రిలో రెండవ దశలో ఉన్నట్లు కనిపించి గందరగోళానికి దారి తీస్తుంది. నివేదిక ప్రతిని రోగికి అందజేసి, భద్రపరచుకోవలసిందిగా చెప్పాలి.

పాత్రికేయులకు మనవి

దశల వారీ శాతాలను వార్తలలో పేర్కొనేటప్పుడు అవి ఏ సంవత్సరాల రోగులకు, ఏ దేశాలకు, ఏ విధానానికి సంబంధించినవో తెలపడం అవసరం. ఐదేళ్ల జీవితకాలపు శాతం ఒక సమూహానికి సంబంధించిన అంచనా మాత్రమే. 57 శాతం అన్న సంఖ్య ఒక మహిళ తన నివేదికను చూసుకుని తన ఆయువును లెక్కించుకోవడానికి ఉద్దేశించినది కాదు. ఆమె వయస్సు, ఇతర వ్యాధులు, అందిన చికిత్స, కణాల స్వభావం అన్నీ ఫలితాన్ని ప్రభావితం చేస్తాయి. నాల్గవ దశను ‘చివరి దశ’గా అభివర్ణించి ఆశలు వదులుకోవలసిన స్థితిగా చిత్రించడం కూడా తగదు. ఆ దశలోనూ ఐదుగురిలో ఒకరు ఐదేళ్లు దాటి జీవించిన దాఖలా పైన పేర్కొన్న నివేదికలోనే ఉన్నది.

ముట్లుడిగిన తరువాత కనిపించే రక్తస్రావం ఒక్కసారి అయినా, కొద్దిపాటి అయినా సిగ్గుపడి దాచుకోదగినది కాదు. మొదటి దశలో గుర్తించిన రోగులలో పది మందికి తొమ్మిది మంది ఐదేళ్లు దాటి జీవిస్తున్నారు. ఆ లక్షణం కనిపించిన వెంటనే ముక్క పరీక్షకు వెళ్లడం, శస్త్రచికిత్స జరిగిన పక్షంలో పాథాలజీ నివేదికను అడిగి తీసుకోవడం ప్రతి మహిళకు గల హక్కుగా, కుటుంబ సభ్యుల బాధ్యతగా భావించవలసి ఉన్నది. ఈ విషయాన్ని గ్రామ గ్రామానికి చేరవేయడంలో పత్రికలు, ప్రసార సాధనాలు తమ వంతు సహకారం అందించగలవు.